మీట మీద వేలు

మానవ చరిత్రను మలుపు తిప్పిన ఘట్టాలంటే నిప్పు పుట్టించడం, చక్రం దొర్లించడం అని అందరూ ఏకరువు పెడతారు. మా విశ్వవిద్యాలయం సభామందిరంలో మైకు నడిపే పెద్దమనిషి ప్రతి సభకూ ముందు మైకును గోటితో రెండుసార్లు కొట్టి, ఒకసారి ఊది, "హలో" అనడాన్ని మాత్రం చరిత్రకారులు ఇంతవరకూ పట్టించుకోలేదు. ఇది అన్యాయం. ఆ హలో పడకుండా అక్కడ ఏ మహానుభావుడూ నోరు విప్పలేదు. స్నాతకోత్సవాలైనా సంతాప సభలైనా దాని తర్వాతే మొదలయ్యాయి.

ఆయన అక్క కూతురు మా దగ్గరే ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల "మావయ్యా" అని పిలవడం విని, ఊరంతా ఆయన్ని హలో మావయ్యను చేసేసింది. ఆయనకంటే పెద్దవాళ్ళయిన ప్రొఫెసర్లు కూడా మొహమాటం లేకుండా వరస కలిపేసుకున్నారు.

మందిరం వెనకగోడలో ఆయనకో అద్దాల గది ఉండేది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. గొంతు వినడమే ఆయన పని, మాట వినడం కాదు. మాట వింటే గొంతు తప్పిపోతుందని ఆయన సిద్ధాంతం. ఒకసారి ఒక మంత్రిగారు గంటన్నర దంచాక, ఎలా ఉందయ్యా అని ఎవరో అడిగితే, "ప" అన్నప్పుడల్లా గాలి కొడుతోందండీ అన్నాడు. ఆ ప్రసంగం మీద వచ్చిన విమర్శల్లో సూటిగా ఉన్నది అదొక్కటే.

అలాంటి మనిషి చేతికి మా పెద్దలు కత్తెర ఇచ్చారు.

సంగతేమిటంటే, కిందటేడు ఒక సభలో ఎవరో కుర్రాడు లేచి, లైబ్రరీ సాయంత్రానికే ఎందుకు మూసేస్తారని వీసీ గారిని అడిగాడు. వీసీ గారి మనసు గాయపడింది. మనసు గాయపడితే మామూలువాళ్ళు ఓ కప్పు కాఫీ తాగి ఊరుకుంటారు. వీసీలు సంఘం వేస్తారు. ఆ సంఘం పేరు వాక్ మర్యాదా సంఘం. అది కన్న బిడ్డ వాక్ మర్యాదా నియమావళి. వేదిక ఎక్కాలంటే ముందే ప్రసంగం రాసివ్వాలి. ఎవరినైనా నొప్పించే మాటలుంటే సంఘం కొట్టేసి, మిగిలినదాని మీద ముద్ర వేస్తుంది. ఒక ప్రతి అద్దాల గదికి వెళుతుంది. "ఆమోదించిన పాఠమును దాటి ఏ వ్యక్తి మాటలాడినను ధ్వని తక్షణమే నిలిపివేయవలెను. అట్టి వ్యక్తి క్రమశిక్షణా చర్యకు అర్హుడగును." విద్యార్థి అని రాస్తే చిన్నతనంగా ఉంటుందని వ్యక్తి అని రాశారు. తామూ వ్యక్తులమేనన్న సంగతి సభ్యులకు తట్టలేదు.

ఆ పిల్లలంతా ఓటు హక్కున్నవాళ్ళు. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పొచ్చు, తప్పు చేస్తే జైలుకీ పోవచ్చు. హాస్టల్లో కుళాయి కారుతోందని చెప్పడానికి మాత్రం ముద్ర కావాలి. సిగ్గులేనితనానికి కూడా ఒక నియమావళి ఉంటే బాగుండును.

విద్యార్థుల సభకు మేనకోడలు ప్రసంగం రాసిచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో స్నానాల గదుల తలుపులకు గడియలు లేవు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. తోడు లేనివాళ్ళు నీళ్ళు నిండిన బకెట్ తలుపుకి అడ్డం జరుపుకుని, దాని మీదే కన్నేసి స్నానం కానిస్తారు. ఆ పిల్ల రాసిందంతా ఇదే. సంస్థ గౌరవానికి భంగమని సంఘం అదంతా కొట్టేసింది. మొదట నమస్కారం, చివర కృతజ్ఞతలు మిగిలాయి. ఆ రెండింటి మీదా భద్రంగా ముద్ర వేసింది.

ఆ రోజు హలో మావయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాటలు విన్నాడు. ఒక వేలు కాగితం మీద, ఒక వేలు మీట మీద. పిల్ల నమస్కారం చెప్పింది. కాగితం మడిచేసింది.

"మా స్నానాల గదులకు గడియలు లేవు," అంది. "తలుపుకి బకెట్ అడ్డం పెట్టుకుని..."

వేలు నొక్కింది. ఆ తర్వాత ఆయన చెవుల్లో ఏమీ లేదు. అద్దంలోంచి మేనకోడలి పెదాలు కదలడం మాత్రం కనిపించింది. చివరికి ఆమె అద్దాల గది వైపు చూసి, దిగి వెళ్ళిపోయింది.

పాఠం దాటిన నేరానికి ఆఖరి పరీక్షల హాల్ టికెట్ ఆపేశారు. మూడేళ్ళ చదువు ఒకటిన్నర వాక్యానికి బలి. కబురు తెలిసి అక్క వచ్చింది. కాఫీ ఇస్తే ముట్టలేదు.

"పుట్టినప్పుడు దాన్ని మొదట ఎత్తుకుంది నువ్వేరా," అంది. "ఆ చేత్తోనే నొక్కావా?"

రూలు అక్కా, అన్నాడాయన.

"అందరికీనా, దానికొక్కదానికేనా?"

అక్క వెళ్ళాక ఆయన నియమావళి తీసి చదివాడు. మాట వినడం ఎలాగూ నేర్పారు కదా, చదవడం ఇంకో అడుగు.

తర్వాతి సభ వీసీ గారిదే. అందరికీ ఆదర్శంగా ఉండాలని ఆయన తన ప్రసంగానికి కూడా సంఘం చేత ముద్ర వేయించుకుని, ఫోటో దిగారు. ఆ ప్రతీ పద్ధతి ప్రకారం అద్దాల గదికి వచ్చింది. విలువలు, వారసత్వం వరకూ వీసీ గారు కాగితం మీదే నడిచారు. చప్పట్లు పడేసరికి హుషారొచ్చింది. కాగితం పక్కన పెట్టి, కొందరు ఆడపిల్లలు మైకు దొరికితే ఇంటిగుట్టు వీధిలో పెడతారనీ, వాళ్ళ పెంపకమే...

వేలు నొక్కింది.

వీసీ గారు మైకును గోటితో రెండుసార్లు కొట్టారు. ఒకసారి ఊదారు. "హలో" అన్నారు. మందిరంలో నవ్వు మొదటి వరస దాకా పాకింది.

సాయంత్రానికల్లా సంఘం హలో మావయ్యను పిలిపించింది. ఏమిటీ పని అని అధ్యక్షుడు కళ్ళెర్రజేశాడు.

"పాఠం దాటారండి."

"ఆయన వీసీ అయ్యా."

"అవునండి. వ్యక్తి కారాండి?"

దీని మీద సంఘం చాలాసేపు తర్జనభర్జన పడింది. మీట నొక్కడం ఒప్పయితే వీసీ గారి మీద చర్య తీసుకోవాలి. తప్పయితే పిల్ల మీద తీసుకున్న చర్యా తప్పే. మేధావులు కనుక మూడో దారి కనిపెట్టారు. చడీచప్పుడు కాకుండా హాల్ టికెట్ పంపేశారు. "ఏ వ్యక్తి" అన్నచోట "ఏ విద్యార్థి" అని దిద్దారు. వీసీ గారికి విడిగా, మీట లేని మైకు కొన్నారు. హలో మావయ్యను హాస్టల్ వెనక నీళ్ళ మోటారు షెడ్డుకు మార్చారు. అక్కడ వినడానికి గొంతూ లేదు, మాటా లేదు.

పిల్ల పరీక్షలు రాసి ప్యాసైంది. ఫలితాల రోజు షెడ్డుకు వచ్చి, మావయ్యా అని పిలిచింది. మోటారు మోతలో ఆయనకు వినపడలేదు. రెండోసారి పిలిస్తే మోటారు కట్టేసి బయటికి వచ్చాడు.

ఆమె ఖాళీ చేసిన హాస్టల్ గదిలోకి కొత్త అమ్మాయి వచ్చింది. సామాన్లతో పాటు తెచ్చుకోమని ఆఫీసువాళ్ళు చెప్పిన వాటిలో ఒక పెద్ద బకెట్ ఉంది.