దండ వేసిన ఐదు స్టార్లు

పదవీ విరమణకు ముందటి ఏడాది నన్ను విశాఖలో విద్యుత్ సంస్థ ఇంధన పొదుపు విభాగానికి డివిజనల్ ఇంజినీరుగా వేశారు. పేరు గంభీరమే కాని, విభాగమంటే ఒక గది, ఒక జీపు, నేను. ఇల్లు కొనబోయేవారు అడిగితే వెళ్ళి, ఆ ఇంటికున్న రేటింగు సరైనదో కాదో చూసి చెప్పడం మా పనుల్లో ఒకటి. ఫ్రిజ్జుకి స్టార్లున్నట్టే ఇళ్ళకీ ఉంటాయి. గోడలు, కప్పు, కిటికీల గుండా ఎంత వేడి లోపలికి వస్తుందో లెక్కగట్టి ఇస్తారు. వేడి ఎంత తక్కువొస్తే స్టార్లు అంత ఎక్కువ.

ఆ డిసెంబరులో అరకు నుంచి రుక్మిణి అనే స్టాఫ్ నర్సు అర్జీ పెట్టుకుంది. ఏజెన్సీలో గిరిజనుల స్థలం గిరిజనులే కొనాలి, అమ్మకానికొచ్చే ఇళ్ళూ తక్కువే. తల్లిని వెంటబెట్టుకుని అద్దె ఇళ్ళు మారి మారి విసిగిపోయిన రుక్మిణికి ఎట్టకేలకు ఒకటి దొరికింది. ఇది చేజారితే మరొకటి ఎప్పటికి దొరుకుతుందో. నేను సరేనంటే ఆ సాయంత్రమే బయానా.

అమ్మే ఆయన సోమన్న. చిన్న కాంట్రాక్టులు చేసుకుంటూ, పట్నం డిజైనరు చేత ప్లాను గీయించి మోజుగా కట్టుకున్న ఇల్లది. ఇప్పుడు కూతురి దగ్గరికి పాడేరు వెళ్ళిపోతున్నాడు. హాల్లో అడుగుపెట్టగానే గోడ మీద ఫ్రేము కట్టిన పటం, దానికి బంతిపూల దండ కనిపించాయి. ఎవరు పోయారని అడగబోయి, దగ్గరికెళ్ళి చూసి నాలుక కరుచుకున్నాను. అది ఐదు స్టార్ల సర్టిఫికెట్టు.

కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పలకలు, కిటికీలకు రెండు పొరల అద్దాలు, తలుపుల చుట్టూ రబ్బరు పట్టీలు. అన్నీ రాసినట్టే ఉన్నాయి, వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మా కొలబద్దతోనే. మా వాతావరణ మ్యాపులో కొండల్లోని అరకుకీ సముద్రం ఒడ్డునున్న భీమిలికీ ఒకే రంగు వేశారు, రెండూ ఉక్కపోత ప్రాంతాలే. ఆ మ్యాపు గీసినవారు డిసెంబరులో అరకులో చన్నీళ్ళ స్నానం చేసి ఉండరు. ఇల్లు ఏసీ కరెంటును బ్రహ్మాండంగా ఆదా చేస్తుంది, కాకపోతే ఇంట్లో ఏసీ లేదు. లోపల ఎంత చల్లగా ఉంటుందో సోమన్న మంకీ క్యాపు, స్వెట్టరు వేసుకుని మరీ నాకు వివరించాడు.

ఇక గాలి పరీక్ష. దానికి ఖరీదైన యంత్రాలున్నాయి, మా విభాగానికి మాత్రం అగరొత్తి ఉంది. తలుపులన్నీ మూసి, అంచుల వెంబడి అగరొత్తి పట్టుకుని నడవాలి. సందు ఉంటే పొగ అటో ఇటో వంగుతుంది. పడకగదిలో పొగ నిటారుగా లేచింది. సోమన్న పొంగిపోయాడు.

"సూసారా మేడమ్, సీమ కూడా దూరదు!"

అంతవరకు కుర్చీలో కూర్చున్న రుక్మిణి తల్లి లేచి గదంతా కలియజూసి, మంచం పక్క మూలను చూపించింది. "కుంపటి ఇక్కడెట్టుకుంటే సరిపోద్దే," అంది.

నేను చేతిలోని అగరొత్తిని చూశాను. చలికాలంలో మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపు మూసి పడుకోవడం అక్కడ అలవాటు. పాత పెంకుటిళ్ళకు సందులుంటాయి కనుక ఎంతో కొంత గాలి ఆడుతుంది. ఇక్కడ అగరొత్తి పొగకే దారి లేదు, బొగ్గులు వదిలే విషవాయువుకైతే రంగూ వాసనా కూడా ఉండవు. నాకు నిజంగా భయం వేసింది.

ఆ మాటే చెబితే రుక్మిణి ముఖం పాలిపోయింది. అలా కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళను ఆస్పత్రికి మోసుకురావడం ఆమె చూసిందే. ఇంట్లోకి కుంపటి తేవద్దని అమ్మకు గట్టిగా చెప్పేస్తానంది. తల్లి నవ్వింది.

"నువ్వు నైట్ డూటీకెల్లాక ఎవులు సూత్తారే గుంటా?"

హీటరు పెట్టుకోమని చెప్పడం తేలికే కాని, ఆ కొండల్లో కరెంటు ఎంత నిలకడగా ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు!

చివరికి నాకు తోచింది చెప్పాను. హాలు మూల పొగగొట్టంతో గోడ పొయ్యి, బయటి గాలి లోపలికి రావడానికి కింద ఒక కన్నం, పడకగదికి వెంటిలేటర్లు, కుంపటికి సెలవు. ఇవన్నీ అయ్యాకే కొనమన్నాను. సోమన్న విలవిల్లాడిపోయాడు.

"ఐదు స్టార్ల ఇంటికి సిల్లులెడతారేటి మేడమ్?"

"ఒక స్టారు పోతే పోనీ బాబాయ్. మేం ఉంటే సాలు," అంది రుక్మిణి.

పొయ్యి ముందు పీట పడుతుందా అని మాత్రం తల్లి అడిగింది. పడుతుందన్నాను. ఆమె ఒప్పుకుంది.

జనవరిలో మళ్ళీ పరీక్షకు వెళ్ళాను. అగరొత్తి పొగ పొయ్యి వైపు వంగి, గొట్టంలోంచి పైకి పోయింది. తల్లి పీట మీద కూర్చుని చేతులు కాచుకుంటోంది. నైట్ డ్యూటీ దిగివచ్చిన రుక్మిణి లోపల నిద్రపోతోంది. లెక్క ప్రకారం స్టార్లు నాలుగయ్యాయి. గోడకు మేకు ఒక్కటే మిగిలింది, పటాన్ని సోమన్న దండతో సహా పాడేరు పట్టుకుపోయాడు.

ఇల్లు ఎంత కరెంటు మిగులుస్తుందో రేటింగు చెబుతుంది. లోపల ఎవరు ఎలా పడుకుంటారో దానికి తెలియదు. అప్పటినుంచి రిటైరయ్యేదాకా, ఏ ఇంటికి వెళ్ళినా పరికరాల పెట్టె తెరవకముందే చలేస్తే ఏం చేస్తారని అడిగేదాన్ని. అదీ కొనేవారిని కాదు, వాళ్ళు డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో ఉండేవారిని.