సప్పుడు చేయొద్దన్నారు

ఏడో నెల నడుస్తోంది. జనగామలో మా కిరాణా దుకాణం వెనుక గదిలో కూర్చుని పెసర్లు చెరుగుతుంటే నడుము కింద ఏదో పట్టు వదిలినట్టయింది. చూస్తే చీర తడిసి ఉంది. మొదటి కాన్పే అయినా, ఇది జరగాల్సిన రోజు కాదని నాకు తెలిసిపోయింది. నేను గడగడా మాట్లాడే మనిషిని. నా నోటికి జడిసి బేరమాడకుండా సరుకు తీసుకుపోయేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి నేను ఆ పొద్దున నా భర్తను పిలవడానికి చేటతో తలుపు కొట్టాను.

అవి తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు. మా మరిది సరుకుల ట్రాలీలో గోనె సంచులు పరిచి నన్ను పడుకోబెట్టాడు. హన్మకొండ దవాఖానకు పోయే దారిలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి కూర్చున్నారు. నన్ను చూడగానే మండుతున్న పొయ్యిలను పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒక పెద్దామె ట్రాలీ వెంట నాలుగడుగులు నడిచి నా చేయి పట్టుకుంది. "ఏం కాదు బిడ్డా, మంచిగైతది" అంది. నాకు మాత్రం ఏదీ మంచిగైతదనిపించలేదు.

పాప ముప్పై వారాలకే పుట్టింది. బరువు కిలోంబావు. మేం రోజూ కట్టే కిలో పంచదార పొట్లం కంటే కాస్త ఎక్కువ. ఎన్‌ఐసీయూలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేది. దాన్ని ఆప్నియా అంటారట. మానిటర్ కూయగానే నర్సు వచ్చి పాప అరికాలి మీద తట్టేది, మళ్లీ ఊపిరి మొదలయ్యేది. కూత పెట్టిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది.

"కడుపులో జరగాల్సిన బ్రెయిన్ గ్రోత్ ఇప్పుడు బయట జరుగుతోందమ్మా. స్కాన్‌లో బ్లీడింగ్ లేదు. అయినా ముందు ముందు చూడాలి" అన్నాడు డాక్టర్. ఆ చివరి మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఏం చూడాలి? ఎప్పటిదాకా చూడాలి?

నలభై అయిదు రోజులకు డిశ్చార్జి చేశారు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన నర్సు మందులన్నీ విడమరచి చెప్పి, చివర్లో ఒక మాట అంది. "పాప మెదడు ఇంకా లేతగా ఉంది. ఇంట్లో చప్పుడు చేయకండి. తల్లివి, నువ్వు మరీ జాగ్రత్త."

మేం ఆ మాటను మంత్రంలా పాటించాం. దుకాణం వైపు కిటికీకి గోనె సంచులు కుక్కాం. ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాలలో వేసి చేయాల్సిన తొట్టెల వేడుక రోజు ఎలాగూ దవాఖానలోనే గడిచిపోయింది. ఇంటికి వచ్చాకైనా చేద్దామంటే ఆడవాళ్లు పాటలు పాడతారని అత్తమ్మ వద్దంది. చౌరస్తాలో ఉద్యమం పాటల సభ పెడితే నా భర్త వెళ్లి బతిమాలి మైకును మరో వైపు తిప్పించాడు. ఇంట్లో అంతా సైగలే. పాపను ఛాతీకి కట్టుకుని గంటలకొద్దీ కూర్చునేదాన్ని కానీ పెదవి విప్పేదాన్ని కాదు. ఎప్పుడైనా "నా బంగారం" అని నోటిదాకా వస్తే అత్తమ్మ మూతి మీద వేలు పెట్టి చూపించేది. నాకు కోపం వచ్చేది. అంతలోనే, నా మాట తగిలి ఆ లేత మెదడులో ఏదైనా తెగిపోతుందేమోనని వణుకు పుట్టేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. డెలివరీ డేట్ నుంచి లెక్కేసినా పాపకు మూడు నెలలు నిండాయి. ఆ ఈడు పిల్ల మా తోటికోడలి ఒడిలో ఊ కొడుతోంది, ముఖం చూసి నవ్వుతోంది. నా పాప గోడను చూస్తోంది. నవ్వు లేదు, ఊ లేదు.

డాక్టర్ పాపకు చెవులు వినపడుతున్నాయో లేదో చూసే బెరా టెస్ట్ రాశాడు. బందుల వల్ల అది రెండుసార్లు వాయిదా పడింది. ఆ రోజుల్లో పాప చెవుల వంక చూడాలంటేనే భయం. చివరికి పాప నిద్రపోయాక తలకు వైర్లు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులూ బాగున్నాయి. మళ్లీ స్కాన్ తీశారు, అదీ బాగుంది. అయితే నా బిడ్డకు ఏమైంది?

డాక్టర్ పాపను చాలాసేపు చూసి, ఇంట్లో పాపతో ఎవరు మాట్లాడతారని అడిగాడు. ఎవరూ మాట్లాడరన్నాను. ఎందుకని అడిగాడు.

"మీ నర్సమ్మనే కదా సార్, సప్పుడు చేయొద్దన్నది."

ఆ నర్సు అక్కడే ఉంది. టీవీ, మైకు, తలుపులు దబదబా వేయడం, తానన్నది వాటి గురించేనంది. మా దగ్గర సప్పుడు చేయకు అంటే నోరు మూసుకోమని అర్థమని నేను చెప్పాను. ఆ రోజుల్లో మా తెలంగాణ మాట మీద ఎవరు నవ్వినా మాకు మండేది. ఆమె నవ్వి ఉంటే అక్కడే లొల్లి అయ్యేది. నవ్వలేదు. ముఖం పాలిపోయింది.

"మరి ఆ గోలను మీ వైపు ఏమంటారు?" అంది మెల్లగా.

"లొల్లి అంటం."

ఆమె తన కాగితం మీద రాసుకుంది. తరువాత డిశ్చార్జి అయిన తల్లులతో, లొల్లి వద్దు, బిడ్డతో ముచ్చట పెట్టండి అని చెప్పేదట.

పోయిన నాలుగు నెలలు తిరిగి వస్తాయా అని డాక్టర్‌ని అడిగాను. "నెలలు నిండక పుట్టడం వల్ల వచ్చిన ఆలస్యమెంతో, మాట్లాడకపోవడం వల్ల ఎంతో చెప్పలేనమ్మా. ఈ రోజు నుంచి మాట్లాడు" అన్నాడు.

ఇంటికి వచ్చి కిటికీలోని గోనె సంచులు పీకేశాను. పాపను ఎదురుగా పెట్టుకున్నాను. ఊరంతటికీ చాలిన నోరు నా బిడ్డ ముందు మూగబోయింది. ఏడుపొచ్చింది. చివరికి దుకాణంలో ఉన్నవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. ఇవి కందులు, ఇవి పెసర్లు, ఇవి బొబ్బెర్లు. రోజూ అదే పాఠం. ఇరవై రోజులకు కాబోలు, బొబ్బెర్ల దగ్గర పాప నా పెదవుల వంక చూసి "ఊ" అంది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మా పాప శ్రీజ ఇప్పుడు తొమ్మిదో తరగతి. మాటలు రెండేళ్లు దాటాక వచ్చాయి. కళ్లద్దాలున్నాయి, లెక్కల్లో వెనుకబడుతుంది. అది ముందుగా పుట్టినందుకా, ఆ నాలుగు నెలలు నేను మాట్లాడనందుకా? ఎవరూ చెప్పలేరు. ఆ భయం నాతోనే ఉంటుంది.

నెలలు నిండని బిడ్డను ఇంటికి తెచ్చుకునే తల్లులకు ఒకటే చెబుతాను. దవాఖానలో చెప్పిన ప్రతి జాగ్రత్తనూ మీ ఇంటి మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పి, మీరన్నది ఇదేనా అని అడగండి. సిగ్గుపడకండి.

నిన్న శ్రీజ పరీక్షకు చదువుతుంటే పక్కన కూర్చుని ఏదో చెబుతూనే ఉన్నాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది, "అమ్మా, జర సప్పుడు చేయకే."

లేచి వంటింట్లోకి పోయాను. అక్కడి నుంచి మాట్లాడుతూనే ఉన్నాను.