మేస్త్రి గారికి అరువిచ్చిన నాలుక

ఈమధ్య మా కోడలు పకోడీలు ఆలివ్ నూనెలో వేస్తోంది. డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు చూసి ఏదో అన్నాడట, దాని ఫలితం. మొన్న బయట మా ఊరు నోవై అంతా మోకాలి లోతు మంచులో ఉంది. నేను సోఫాలో పేపరు చదువుకుంటున్నాను. వంటింట్లోంచి వేడెక్కిన ఆలివ్ నూనె వాసన, దాని వెనకే అందులో పడ్డ శెనగపిండి వాసన వచ్చాయి. మన ఇళ్ళలో ఆ రెండూ కలవడం అపచారం. "స్మెల్ బాగోలేదా మావయ్యగారూ? ఫ్యాన్ ఆన్ చేయనా?" అని కోడలు అడిగింది. "వద్దమ్మా, ఉండనీ" అన్నాను. ఆ వాసన ఇంతకుముందు నాకు ప్రపంచంలో ఒక్కచోటే ఎదురైంది. స్పెయిన్ దేశంలో, మూడు వైపులా సముద్రం ఉన్న కాడిజ్ అనే ఊళ్ళో, ఒక ఇరుకు బారులో. నన్ను అక్కడికి తీసుకెళ్ళినవారు నూకరాజు మేస్త్రి గారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తెనాలిలో లేతు షెడ్డులో పని నేర్చుకుని, మా అన్నయ్య స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చాను. ఇంగ్లీషు లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను, ఎవడూ నేర్పలేదు. ఈ మాట గర్వంగా చెబుతున్నానని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. గర్వంగానే చెబుతున్నాను. కార్ల రేకు భాగాలు అచ్చొత్తే డైలు తయారుచేసే ఒక చిన్న షాపులో నాకు పని దొరికింది. అక్కడ టూల్‌రూమ్ పెద్ద నూకరాజు గారు. విశాఖపట్నం హార్బరు మనిషి. కుర్రతనంలో ఓడ ఇంజన్ రూములో పనిచేస్తూ, ఓడ మరమ్మతుకి ఆగిన కాడిజ్‌లో దిగిపోయి, అక్కడి షిప్‌యార్డులో రెండేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. షాపులో అందరూ ఆయన్ని "రాజ్" అనేవారు. నేనొక్కణ్ణే "మేస్త్రి గారూ" అనేవాణ్ణి.

చేరిన నెలలోనే ఆయన చేతికి చిక్కాను. ఒక డై ప్లేటుకి పది రంధ్రాలు. ఒక్కొక్కదాని కొలతా తీసి కాగితం మీద రాయాలి. తొమ్మిది కొలిచాను. పదోదానికి గేజ్ కనపడలేదు. అన్నీ ఒకే డ్రిల్లుతో వేసినవే కదా అని అదే అంకె రాసేశాను. మేస్త్రి గారు వచ్చి కాగితం చూసి, పదో అంకె మీద వేలు పెట్టారు.

"ఇది కొలిచావేటి?"

"కొలిచానండి."

"ఎలగ కొలిచావోయ్, గేజ్ నా జేబులో ఉంటేను?"

జేబులోంచి తీసి చూపించారు. నాకు భూమి బద్దలైతే బాగుండుననిపించింది. ఆయన కేకలెయ్యలేదు. "తప్పు కొలత రాసినోడు నేర్చుకుంటాడు. కొలవకండా రాసినోడు ఏటీ నేర్చుకోడు. పదీ మళ్ళీ కొలువు" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆయన దగ్గర నోరు జారి "బాగుందండి" అంటే చాలు, "బాగుంది అన్నది కొలత కాదోయ్. ఎక్కడ బాగుంది? ఎంత బాగుంది?" అని నిలబెట్టి అడిగేవారు. ఇంజనీరింగ్ పట్టాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ ప్రశ్నకి నీళ్ళు నమలడం నా కళ్ళారా చూశాను. చూసి ఆనందించాను కూడా.

మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. డబ్బా మూత తీసి, కాడిజ్‌లో తిన్న రొయ్యలట్టు గురించి మొదలెట్టేవారు. ఆ అట్టు, దాంతోపాటు ఇచ్చే చల్లటి వైను గ్లాసు. ముప్ఫై ఏళ్ళపాటు అదే కథ, ఒక్క మాట తేడా లేకుండా. నేను ఆ కథ కిటికీలోంచి సగం సగంగా విన్నవాణ్ణి. ఎందుకంటే నేను భోజనాల గదిలో తినేవాణ్ణి కాదు. చేరిన మొదటివారం నేను చేపల పులుసు డబ్బా తెరిస్తే ఒకడు లేచి, నా మొహం చూస్తూ, కిటికీ తెరిచాడు. ఆ రోజునుంచి ఆ కిటికీ పక్కనే నిలిపిన నా కారులో కూర్చుని తిన్నాను. మంచులో కూడా. మేస్త్రి గారు అప్పుడప్పుడు వచ్చి కారు అద్దం మీద తట్టేవారు. "దిగవయ్యా, వాడు మానేసి కూడా పదేళ్ళయింది." నేను దిగలేదు. ఆ కిటికీ తెరిచినవాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది, అడిగితే బొమ్మ గీస్తాను.

ఇద్దరం రిటైరయ్యాం. ఆయన భార్య పోయింది. ఆ తర్వాత ఆయనకి గొంతులో క్యాన్సరు వచ్చింది. రేడియేషన్‌తో అది తగ్గింది గాని, వాసన, రుచి రెండూ పోయాయి. జావ తప్ప ఏదీ మింగుడు పడేది కాదు. అలాంటి రోజుల్లో ప్లెయిన్స్‌బరో నుంచి వాళ్ళమ్మాయి సరళ ఫోన్ చేసింది. "అంకుల్, డాడీ నాలుగు రోజులు స్పెయిన్ వెళ్తారట. టేస్టే తెలియదు కదా, వై? నేను లీవ్ పెడతానంటే వద్దన్నారు. 'కోటేశ్వర్రావు వస్తే చాలు' అన్నారు, అంటే మీరు. ప్లీజ్ అంకుల్, కొంచెం మాట్లాడండి."

మాన్పిద్దామనే వెళ్ళాను. మాట బొంగురుగా, గాలి ఎక్కువగా వచ్చేది ఆయనకి. గుక్క గుక్కకీ నీళ్ళు తాగుతూ చెప్పారు. "నేను తినడానికి కాదోయ్. నువ్వు తింతావు, నేను వింటాను. నలభై ఏళ్ళబట్టి ఆ అట్టు గురించి చెప్పి చెప్పి మా ఆవిడ చెవులు చిల్లులు పొడిచేశాను. అది నిజంగా అంత బాగుండేదేటి? లేకపోతే నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు కాబట్టి అలగనిపించిందేటి? పోయేలోపల అదొక్కటి తేలాలి. సరళ వస్తే నా మొహం చూసి సూపర్ డాడీ అంటాది. నువ్వు అనవు. నీకు ఏదీ ఓ పట్టాన నచ్చదు."

అది మెచ్చుకోలో తిట్టో తేలక ఒప్పుకున్నాను. ఒప్పుకుని, ఇంటికొచ్చి, పెట్టెలో మూడు కప్పుల రైస్ కుక్కరు, నాలుగు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా సర్దుకున్నాను. నవ్వేవాళ్ళు ముందు తమ పెట్టెలు చూసుకోండి. మనవాళ్ళు ఏ దేశం చూడటానికి వెళ్ళినా ముందు సర్దేవి అవే.

కాడిజ్ చేరేసరికి మేస్త్రి గారు విమానం, రైలు కలిసి నలిగిపోయి ఉన్నారు. లాడ్జిలో మాకు పక్కపక్క గదులు. మంచం మీద కాళ్ళు చాపుకుని, ఒక కాగితం మీద దారి గీసిచ్చారు. "మార్కెట్ వెనక సందు. నీలం తలుపు. బారు ఇంకా ఉందని లాడ్జీ ఆవిడ చెప్పింది. నేనియ్యాల లేవలేను. నువ్వెళ్ళి ఒక అట్టు, ఒక పళ్ళెం బంగాళాదుంపలు, చిన్న గ్లాసు వైను పుచ్చుకో. వచ్చి చెప్పు."

వెళ్ళాను. మధ్యాహ్నం రెండు గంటలు. లోపల కుర్చీ అన్నది లేదు. భుజానికి భుజం రాసుకుంటూ జనం నిలబడి తింటున్నారు, నూనె చేతులు తుడుచుకున్న కాగితాలు నేలమీదే పారేస్తున్నారు, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. నేను చెయ్యెత్తి రెండుసార్లు ఇంగ్లీషులో అడిగాను. కౌంటరు వెనక మనిషి నన్ను చూడలేదు. మూడోసారి అడగబోతుంటే పక్కనున్నవాడు నవ్వాడు. నన్ను చూసే నవ్వాడో, వాడి స్నేహితుడి మాటకి నవ్వాడో ఈరోజుకీ తెలియదు. నాకు అది చాలు. గిర్రున తిరిగి లాడ్జికి వచ్చి, కుక్కరు పెట్టి, అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. మూతి కడుక్కుని పక్క గదిలోకి వెళ్ళాను.

ఆయన దిండు ఎత్తుగా పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. "ఊ, చెప్పు."

"కరకరలాడుతోందండి. లోపల మెత్తగా, గారెలాగా. ఉల్లిపాయా పచ్చిమిర్చీ దండిగా వేశాడు."

కళ్ళు మూసుకుని వింటున్న మనిషి కళ్ళు తెరిచారు. "మందం ఎంత?"

"అర అంగుళం ఉంటుందండి."

దిండు మీంచి లేచి కూర్చున్నారు. కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోంది. "కోటయ్యా, ఆ అట్టు ఎత్తి పట్టుకుంటే అవతల వెలుతురు కనపడతాది. ఈ ఊళ్ళో అట్టులో పచ్చిమిర్చి ఎవడూ వెయ్యడు. ఏటి తిన్నావు?"

"అన్నం. ఆవకాయ."

"ఎక్కడ?"

"పక్క గదిలో."

"పక్క గదిలో ఆవకాయ తింటే నాకు తెలియలేదు చూశావా" అన్నారు. అంటూనే గోడవైపు తిరిగి పడుకున్నారు. "సరళకి ఫోన్ చేసి టిక్కెట్లు మార్పించు. రేపు పోదాం."

జీవితంలో చాలామంది మీద నాకు కోపం వచ్చింది, చాలావరకు న్యాయంగానే. ఆ సాయంత్రం మాత్రం కోపం పెట్టుకోవడానికి నాకు ఇంకో మనిషి దొరకలేదు. సరళకి ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కోటు తీసుకుని గదిలోకి వెళ్ళాను. "లేవండి. నేను తింటాను, మీరు ఎదురుగా ఉండి చూడండి. అబద్ధమాడితే అక్కడే పట్టుకోవచ్చు." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆకలిగా ఉన్నావేటి?" అన్నారు. "పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు" అన్నాను.

నీలం తలుపు తోసుకుని వెళ్ళాక, ఆయన కౌంటరు మీదికి వంగి ఆ బొంగురు గొంతుతో స్పానిష్‌లో ఏదో అన్నారు. కౌంటరు మనిషి చెవి దగ్గరపెట్టి విని, లోపలికి వెళ్ళి, ఇంట్లోంచి తెచ్చినట్టున్న ఒక చెక్క కుర్చీ తెచ్చి వేశాడు. కుర్చీలే లేని ఆ బారులో మేస్త్రి గారు పెళ్ళికొడుకులా కూర్చున్నారు. నేను జనం మధ్యన భుజాలు ఇరికించుకుని నిలబడ్డాను.

అట్టు మందపాటి కాగితం మీద వచ్చింది. ఎత్తి తలుపువైపు పట్టుకున్నాను. వెలుతురు కనిపించింది. కొరికాను.

"మధ్యలో ఒక మిల్లీమీటరు. అంచున అదీ లేదు, మన పేపరు దోసె అంచులాగా ఉంది. రొయ్యలు బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దవి, పొట్టుతోనే ఉన్నాయి, పళ్ళకింద చిటపటమంటున్నాయి. ముందు శెనగపిండి కమ్మదనం, దాని వెనక సముద్రం ఉప్పు. కొత్తిమీరకి చుట్టంలాంటి ఆకేదో ఉంది. నూనె వేళ్ళకి అంటుతోంది గాని నాలుకకి అంటడం లేదు."

"ఉల్లి?"

"ఉంది. కనపడదు. తియ్యగా తగులుతోంది."

"తిను, తిను, చల్లారిపోతాది."

బంగాళాదుంపలు చల్లగా, వెనిగర్ ముక్కుదాకా వెళ్ళి ఆగిపోయేటట్టు ఉన్నాయి. ఒక నిమిషం ఎక్కువ ఉడికాయని చెప్పాను. ఆయన తలూపారు. అప్పుడు గ్లాసు వచ్చింది. చలికి చెమట పట్టిన చిన్న గ్లాసు, ఎండుగడ్డి రంగు వైను. ముప్ఫై ఏళ్ళ కథల్లో ఆయన గొంతు ఎక్కువగా తడబడేది ఈ గ్లాసు దగ్గరే. నేను ఒక గుక్క తాగాను. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి నా మొహమే చూస్తున్నారు. జబ్బు మనిషి. మళ్ళీ ఇక్కడికి రారు. "బాగుంది" అన్న మాట నా పెదాల మీదికి వచ్చింది.

"మేస్త్రి గారూ, ఇది నాకు నచ్చలేదండి."

"ఎలగ?"

"తీపి బొత్తిగా లేదు. తరవాణి కుండ మూత తీస్తే వచ్చే పులిసిన గంజి వాసన. అందులో ఉప్పురాయి వేసి మంచులో పెట్టినట్టుంది. మీరు రెండేళ్ళు దీన్ని ఎలా తాగారో నాకర్థం కావడం లేదు."

ఆయన నవ్వారు. ఆ గొంతులోంచి చప్పుడు రాదు, భుజాలే ఊగాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. దగ్గొచ్చింది. కౌంటరు మనిషి కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. "తరవాణే! అదేనోయ్, తరవాణే! మొదటి గుక్కకి నేనూ మా అమ్మ తరవాణి కుండే అనుకున్నాను. అలవాటు పడ్డానికి నెల పట్టింది. ఆ సంగతే మరిచిపోయాను." ఊపిరి తీసుకుని, నా చెయ్యి పట్టుకున్నారు. "అయితే అట్టు నిజంగానే బాగుందన్నమాట."

"నిజంగానే."

"ఇరవై నాలుగేళ్ళ వయసు కాదు కదా?"

"కాదండి. నాకు అరవై ఎనిమిది. నాకూ బాగుంది."

ఎంత బాగుంది అని ఆయన అడగలేదు. "ఇంకో అట్టు చెప్పు మరి, నించుంటావేం" అన్నారు. ఇంకోటి తిన్నాను. ముందురోజు నవ్వినవాడు మళ్ళీ పక్కనే ఉన్నాడు. నేను వైను వదిలెయ్యడం చూసి తన పళ్ళెంలోంచి ఒక ఆలివ్ కాయ నా కాగితం మీద పెట్టాడు. తిన్నాను. అదీ ఉప్పగానే ఉంది. మిగిలిన రెండు రోజులూ కుక్కరు పెట్టెలోంచి బయటికి రాలేదు.

మరుసటి ఏడు వసంతంలో మేస్త్రి గారు పోయారు. సంతాపసభలో ఒకరి తర్వాత ఒకరు లేచి మహానుభావుడన్నారు, దేవుడన్నారు. షాపు గుమ్మం కూడా తెలియనివాళ్ళు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచాను. "నూకరాజు గారు దేవుడు కాదు. తన పనిముట్లు ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు. కోపమొస్తే ఇంగ్లీషు మరిచిపోయేవారు. పాట రాదు, అయినా పాడేవారు. ఒక మనిషి అబద్ధం చెబితే, ఇంకోసారి నిజం చెప్పడానికి వాడికి అవకాశం ఇచ్చేవారు" అని కూర్చున్నాను. ముందు వరసలో సరళ పకపకా నవ్వింది, వెంటనే ఏడ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "అంకుల్, దట్స్ హిమ్. ఇప్పటిదాకా వీళ్ళంతా ఎవరి గురించో మాట్లాడుతున్నారనిపించింది" అంది.

అప్పటినుంచి రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేస్తుంది. "డాడీ గురించి ఒకటి చెప్పండంకుల్. మంచిదే కానక్కర్లేదు." నా దగ్గరున్నవి ఒక్కొక్కటే తీసి ఇస్తుంటాను. కలిపి చెప్పను, మెరుగు పెట్టను. పోయినవారం ఇది చెప్పాను: కాడిజ్ వదిలిన రోజు మీ నాన్న రైల్లో కిటికీకి వీపు పెట్టి, నావైపు తిరిగి కూర్చున్నారు. బయట ఏముందో చెప్పమన్నారు. ఊరు అయిపోయిందని చెప్పాను. సముద్రం ఒక పక్కకి తగ్గిందని చెప్పాను. తర్వాత ఉప్పుమడులు వచ్చాయి, తెల్లగా, చదరాలు చదరాలుగా, ఒక మడిలో పొడుగుకాళ్ళ పక్షి ఒకటి నిలబడి ఉందని చెప్పాను. ఏ రంగు అని అడిగారు. చెప్పేలోగా నిద్రపోయారు.

సరళ, "ఇంకా ఉన్నాయా అంకుల్?" అంది.

"ఉన్నాయమ్మా" అన్నాను.