ముడుపు కట్టిన మోనాలిసా

నా స్నేహితురాలు అది 1980 అంటుంది. కాదు, 1981. మార్చి. మా వార్డుకు కొత్త ఏసీ బిగించింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. ఆమె తారీఖులు ఎప్పుడూ ఒక ఏడాది వెనక నడుస్తాయి.

దుబాయ్‌లో మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. నాది గుంటూరు వైపు, ఆమెది నర్సాపురం వైపు. మగవాళ్ళ ఎముకల వార్డులో పని. ఆ వార్డు నడవలో ఒక మోనాలిసా పటం ఉండేది. అసలుది పారిస్‌లో ఉంది, ఇది అచ్చు వేసిన కాగితం. మా పెద్ద డాక్టరు ఈజిప్టు మనిషి. పారిస్‌లో చదువుకునే రోజుల్లో కొనుక్కున్నాడట. వెనక నల్ల అట్ట, ముందు అద్దం వేయించి, తాడు కట్టి మేకుకు తగిలించాడు. రోజూ పొద్దున రౌండ్సుకు ముందు తన చేతిరుమాలుతో అద్దం తుడిచేవాడు. ఎండాకాలం ఎవరైనా నడవ తలుపు తెరిచి ఉంచితే ఊరుకునేవాడు కాదు.

"చెమ్మ! చెమ్మ!" అని అరిచేవాడు. అసలు బొమ్మను చెక్క మీద వేశారని, గాలిలో తేమ మారితే ఆ చెక్క వంగుతుందని, పైభాగంలో పాత పగులు ఒకటి ఉందని, అందుకే దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూస్తారని మాకు ఆయనే చెప్పాడు. 1956లో ఒకడు యాసిడ్ పోశాడు. అదే ఏడాది ఇంకొకడు రాయి విసిరితే మోచేతి దగ్గర రంగు పెచ్చు ఊడింది.

మాకు మాత్రం ఆవిడ ఒక పేషెంటు.

"కనుబొమ్మలు లేవు, చేతులు ఉబ్బాయి. థైరాయిడ్ చూపించుకోమను" అనేదాన్ని నేను.

"కంటి పక్కన ఆ పచ్చ కొవ్వు బుడిపె చూడవే. నెయ్యి మానెయ్యమను" అనేది నా స్నేహితురాలు. "అయినా కడుపు మీద ఆ చేతులేంటి? నన్నడిగితే నాలుగో నెల."

అలా ఉండగా జగిత్యాల వైపు మనిషి ఒకాయన కాలు విరిగి మా వార్డుకొచ్చాడు. సెంట్రింగ్ పని చేసేవాడు, అల్ కుసైస్‌లో కూలీల క్యాంపులో ఉండేవాడు. కాలికి సిమెంటు కట్టు వేశాం, చంక కర్రలిచ్చాం. రెండో వారంలో ఒక పొద్దున లేచేసరికి ముఖం ఎడమ సగం జారిపోయింది. కన్ను మూతపడదు, టీ తాగితే మూల నుంచి కారిపోతుంది. నరం వాచిందని, చాలామందికి దానంతటదే తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. పేషెంటు వినలేదు.

"గీ కొత్త ఏసీ గాలి కొట్టింది సిస్టర్. మూతి వంకర పోయింది."

ఆయన బాధ మూతి గురించి కాదు. దుబాయ్ వచ్చిన నాలుగు నెలలకు ఊళ్ళో కూతురు పుట్టింది. పిల్లకు ఏడాదిన్నర దాటింది, తండ్రి ఇంకా చూడలేదు. జూన్‌లో సెలవు దొరికింది. అది వదులుకుంటే మళ్ళీ రెండేళ్ళకు గాని వంతు రాదు.

"నేను పోను. పిల్ల మొదటిపారి నాయిన మొకం చూస్తది. గిట్ల చూస్తే జడుసుకుంటది. మల్ల జన్మల దగ్గరికి రాదు."

అద్దం చూస్తూ ముఖానికి వ్యాయామం చేయాలి. నేను అద్దం ఇస్తే బోర్లా పెట్టేవాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున నడవలో డాక్టరు కేక వినబడి పరుగెత్తాం. మోనాలిసా నుదుటి మీద పసుపు చార ఒకటి దిగింది. పటం వెనక తాడుకు పసుపులో తడిపిన గాజుగుడ్డ మూట కట్టి ఉంది. గాజుగుడ్డ మా డ్రెస్సింగ్ ట్రాలీది. పసుపు క్యాంపు వంటగదిది. శుక్రవారం చూడటానికొచ్చిన దోస్తులు తెచ్చి ఇచ్చారు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"ముడుపు సిస్టర్. దిర్హం పెట్టి కట్టిన. గీ అమ్మకు. మీ మరియమ్మ గదా!"

నా స్నేహితురాలు ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. "మరియమ్మేంటి నీ మొహం! ఆవిడెవరో ఇటలీలో పట్టుబట్టల వ్యాపారి పెళ్ళాం!"

"అట్లనా? మరి పెద్ద డాక్టరు రోజు పొద్దుగాల తుడుస్తడు, మీరిద్దరు ముందట నిలవడి ముచ్చట పెడతరు. దేవుని పటం కాకుంటే గంత కాతరు ఎందుకు?"



"తీసెయ్యి! ఇప్పుడే! ఖలాస్!" అన్నాడు డాక్టరు. మూట నుంచి పసుపు నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. ఇంకాసేపుంటే కన్ను, ముక్కు కూడా పోతాయి. ఆయన చెయ్యి చాపేసరికి పేషెంటు చంక కర్ర అడ్డం పెట్టాడు.

"ముడి విప్పితే నేను ఊరికి పోవుడు లేదు. గంతే."

ముడుపు కోరిక తీరాకే విప్పాలి, అదీ కట్టినవాడే విప్పాలి. నేను ఇంగ్లీషులో డాక్టరుకు వివరించాను. ఆయన కోపం సగం దిగింది. "మా అమ్మ కూడా కట్టేది. మా దేశంలో పీర్ల సమాధుల కిటికీలకు" అన్నాడు. తర్వాత మళ్ళీ, "కానీ ఇది కాగితం!" అన్నాడు.

"పటం దించితే తప్పా?" అని పేషెంటును అడిగాను.

"దించితే తప్పు లేదు. ముడి ఊడద్దు."

అయితే సరే అనుకున్నాను. డ్రెస్సింగ్ ట్రాలీ మీద పటం బోర్లించి, ఆర్టరీ ఫోర్సెప్స్‌తో వెనక మేకులు ఒక్కొక్కటే లాగాను. అట్ట ఎత్తి, బొమ్మను మాత్రం తీశాను. దూదితో అద్ది, రెండు పాత ఎక్స్‌రే ఫిల్ముల మధ్య పెట్టి, పైన మందుల పుస్తకం బరువు పెట్టాం. అద్దం, నల్ల అట్ట, ముడుపు ఉన్న ఖాళీ ఫ్రేమును మళ్ళీ మేకుకు తగిలించాను. పసుపు చార నుదుటి దాకా వచ్చి ఆగింది.

"పోనీలే, బొట్టు పెట్టుకుంది" అంది నా స్నేహితురాలు.

ఆ వారం నుంచి వార్డులో వింత మొదలైంది. బొమ్మ ఉన్నప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. ఖాళీ ఫ్రేము చూడటానికి పక్క వార్డుల నుంచి కూడా వచ్చారు. ఆడవాళ్ళ వార్డు నుంచి ఒక మలయాళీ ఆయా రోజూ వచ్చి నిలబడి వెళ్ళేది. డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"1911లో ఇదే జరిగింది! అక్కడ పనిచేసి మానేసిన ఒకడు ఆమెను గోడ నుంచి దించి పట్టుకుపోయాడు. రెండేళ్ళ పైచిలుకు దొరకలేదు. జనం ఏం చేశారో తెలుసా? ఖాళీ గోడను చూడటానికి వరుస కట్టారు!"

బొమ్మ ఆరాక డాక్టరు దాన్ని ఆ పేషెంటు మంచం పక్కన నిలబెట్టించాడు. "పళ్ళు కనబడేలా నవ్వమని నేను అడగను. ఈమె ఎంత నవ్విందో అంతే నవ్వు" అన్నాడు. అద్దం చూడనివాడు బొమ్మను చూస్తూ సాధన చేశాడు. పెదవి మూల మొదట కదల్లేదు, తర్వాత వణికింది, మే నెలలో కొంచెం లేచింది.

శుక్రవారం దోస్తులు వరుసగా కూర్చుని పెదవులు బిగించేవాళ్ళు.

"అరే బావా, నువ్వు నవ్వుతున్నవా, ఉప్మాల రాయి దొరికిందా?"

"మన కంపెనీ ముదీర్ జీతం ఇచ్చేటప్పుడు గిట్లనే నవ్వుతడు, జూడు!"

మే చివర్లో ఒక శుక్రవారం క్యాంపు బాస్ వచ్చాడు. సెలవుకు వెళ్తావా లేదా, ఈ రోజే తేల్చమన్నాడు. పేషెంటు కర్ర అందుకుని నడవలోకి వెళ్ళి ఫ్రేము ముందు నిలబడ్డాడు. దోస్తులు వెనకే వెళ్ళారు. ఒకడు ముడుపు వైపు దండం పెట్టి, "అమ్మా, గీనికి మూతి ఇయ్యకున్నా మంచిదే, బుద్ధి ఇయ్యి తల్లీ" అన్నాడు. ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆగి, అద్దంలోకి వంగి చూశాడు. నల్ల అట్ట మీద అద్దం కదా, బొమ్మ ఉండాల్సిన చోట తన ముఖమే ఉంది.

మళ్ళీ నవ్వి చూసుకున్నాడు. ఎడమ మూల కుడి మూలంత లేవలేదు. నేను పక్కనే ఉన్నాను, అందులో నాకు సందేహం లేదు.

"గింత చాలు సిస్టర్" అన్నాడు.

కర్ర గోడకు ఆనించి తానే ముడుపు విప్పాడు. ఆ దిర్హం ఎక్కడ సమర్పించాలో మాత్రం తేలలేదు.

"ఆవిడ గుడి పారిస్‌లో ఉంది. టికెట్ తీసుకో" అంది నా స్నేహితురాలు.

"ఊళ్ళె పోశమ్మకు ఇస్త. వాళ్ళు వాళ్ళు చూసుకుంటరు" అన్నాడు.

జూన్‌లో వెళ్ళి ఆగస్టులో తిరిగొచ్చాడు. కాలు చూపించుకోవడానికి వార్డుకు వచ్చినప్పుడు నేను ఎక్స్‌రే అడగలేదు, నడక అడగలేదు. పిల్ల ఏడ్చిందా అని అడిగాను.

"మస్తు ఏడ్చింది సిస్టర్" అన్నాడు. "నేను బస్సెక్కేటప్పుడు."