పిన్ను కొట్టని పేజీ

మిర్యాలగూడలోనూ సూర్యాపేటలోనూ షాపులవాళ్లు వద్దన్న మా కొత్త రాక్ సంగీత పత్రిక కట్టలను ఒళ్లో పెట్టుకుని కోదాడ బస్సెక్కాను. మునగాల దగ్గర లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. కిటికీ పక్కన కట్టల కింద ఇరుక్కుని కదల్లేకపోయాను.

పక్కసీటు అమ్మాయి ఒక కాపీ అడిగింది. మధ్యలో గిటారు పాఠం చూసి, ముందుసీటు రాడ్డు మీద ఎడమచేతి వేళ్లు నొక్కి సాధన చేయసాగింది.

"ఉంచుకోమ్మా," అన్నాను.

"ఇంట్ల సూస్తే కాలేజ్ బంద్ చేపిస్తరన్నా. గీ ఒక్క పేజీ చింపుకోనా?"

చిరిగితే పాఠం పాడవుతుందని పిన్నులు గోటితో లేపి ఆ పేజీ తీసి ఇచ్చాను. మడిచి రికార్డుబుక్కు అట్టలోపల దాచుకుంది. బస్సు కదిలేదాకా ఆమె వేళ్లు రాడ్డును వదల్లేదు.

రెండో సంచికలో గిటారు పాఠానికి పిన్ను కొట్టించలేదు. విడిగా మధ్యలో పెట్టించాను.