ఐదో బ్యాండ్ కోసం ఆదోని, ఎమ్మిగనూరు

మా చెల్లెలు రూతుకూ, ఆమె భర్త దావీదుకూ పుట్టుకతోనే వినపడదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దావీదు బెంగళూరులో ఒక బేకరీలో కుదిరాక వాళ్ల కబుర్లన్నీ వీడియో కాల్‌లోకి మారాయి. పెద్దకడుబూరు దాటాక ఉండే పల్లెలో రూతు ఒక్కతే పత్తి చేలల్లో కూలికి పోతూ ఉంటుంది. ఆమె పాత ఫోన్ పాడైపోతే దావీదు అక్కడే ఒక సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొని తెచ్చిచ్చాడు. బెంగళూరులో చక్కగా పనిచేసిన ఆ ఫోన్‌కు ఊళ్లోకి రాగానే సిగ్నల్ పోయింది. ఊరి బయట మిట్ట ఎక్కితే ఒక గీత కనబడేది, కాల్ కలిసేది, బొమ్మ బిగుసుకుపోయేది. మనమైతే "హలో హలో" అని ఇంకోసారి అడుగుతాం. వాళ్లకు చెయ్యి గాలిలో ఆగిపోతే మాట అక్కడితో సరి.

అలా కొన్ని వారాలు గడిచాయి. చివరికి దావీదు దగ్గర్నుంచి నాకు మెసేజ్ వచ్చింది: "పని వద్దు. ఆదివారం వస్తా." వినపడని మనిషికి పనిచ్చే యజమాని దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కోడుమూరులో నా కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పి శుక్రవారం సాయంత్రానికి చెల్లెలి ఇంటికి చేరాను.

ఆ రాత్రే ఒక పరీక్ష చేశాం. రూతు సిమ్ తీసి పక్కింటి లక్ష్మక్క ఫోన్‌లో వేశాం. అది గీతలు పడిన చవక ఫోన్. వీడియో ఎక్కడా ఆగకుండా నడిచింది. అంటే టవర్‌దీ సిమ్‌దీ తప్పు కాదు. లక్ష్మక్క ఫోన్‌లో సిగ్నల్ వివరాలు చూపించే యాప్ ఒకటి వేసి చూస్తే, ఊళ్లో అందుతున్నది ఐదో నంబరు బ్యాండ్ అని తేలింది. బ్యాండ్ అంటే టవర్ ఫోన్‌తో మాట్లాడే దారి. ఆ దారులు చాలా ఉంటాయి. ఐదోది దూరం పోతుంది, గోడలు దాటుతుంది. మరి రూతు ఫోన్‌కు ఆ దారి తెలుసా?

శనివారం పొద్దున్నే ఆటోలో పెద్దకడుబూరు, అక్కడ ఆదోని బస్సు. ఆడవాళ్లం కనక ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ కొట్టారు. పక్క సీట్లో పాలిటెక్నిక్ చదివే అమ్మాయి మా చేతులాటలు చూసి సంగతి అడిగింది.

"ఫోన్ పేరు పట్టుకొని వెదకొద్దక్కా. ఒకే పేరుతో దేశానికో రకం సేస్తారు. సెట్టింగుల్లో మోడల్ నంబరు ఉంటాది, అది సూడు" అంది.

ఆదోనిలో దిగి ముందు ఉగ్గాని, బజ్జి తిన్నాం. ఆకలితో షాపులోకి వెళితే ఏది చూపించినా సరేననిపిస్తుంది. బజారులో రిపేరు షాపతను ఫోన్ తీసుకుని తన సిమ్ వేసి చూశాడు.

"ఈడ బంగారంగా వస్తాంది కదమ్మా! సాఫ్ట్‌వేర్ కొడితే మీ ఊర్లో గూడా వస్తాది. రెండు దినాలు ఇడిసిపోండి."

రెండు రోజులు మా దగ్గర లేవు. "మోడల్ నంబరు కొట్టి ఈ ఫోన్‌లో ఏ బ్యాండ్‌లున్నాయో చూడప్పా" అన్నాను. కాస్త విసుక్కున్నా, కంపెనీ సైటు తెరిచాడు. నంబరు చివరి అక్షరం దాకా సరిచూసి కొట్టాడు. అది వేరే దేశం కోసం చేసిన రకం. ఒకటి ఉంది, మూడు ఉంది, ఎనిమిది ఉంది. ఐదు లేదు.

"ఓహో!" అన్నాడు. "ఈడ మూడోది అందుతాది. మీ పల్లె కాడికి అది రాదు. లోపల లేని బ్యాండ్‌ను సాఫ్ట్‌వేర్‌తో యాడ తెచ్చేదిలే."

ఫోన్ చెడిపోలేదని, దాన్ని చేసిందే మన పల్లెల కోసం కాదని రూతుకు చేతులతో చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది. టవరుకు దూరంగా ఉన్న ఇంట్లో కాపురం పెట్టడం తన తప్పేనని ఇన్నాళ్లూ అనుకుంటోందట.

ఆదోనిలో పాత ఫోన్ తీసుకుని వేరేది ఇచ్చేవాళ్లు దొరకలేదు. మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సెక్కాం. దారి పొడవునా పత్తి చేలు. ఎమ్మిగనూరులో బస్టాండుకు దగ్గర్లోనే ఎక్స్‌ఛేంజ్ షాపు ఉంది. యజమాని మహబూబన్న ముందు తళతళలాడే ఫోన్ ఒకటి తీశాడు.

"కెమెరా జబర్దస్త్ ఉంటాదమ్మా!"

రూతు కెమెరా వైపు చూడలేదు. నా ఫోన్ లాక్కుని, ఆ ఫోన్ సెట్టింగుల్లోని మోడల్ నంబరు చూసి కొట్టింది. జాబితా మీద వేలు పెట్టి కిందిదాకా దిగింది. తల అడ్డంగా ఊపి ఫోన్ వెనక్కి నెట్టింది. రెండోదీ అంతే. మూడోది మామూలు నల్ల ఫోన్. ఆమె వేలు ఒకచోట ఆగింది. ఐదు వేళ్లూ విప్పి మహబూబన్న ముఖం ముందు పెట్టింది.

"అయిదుందంటాందా? అదే తీస్కో తల్లీ అదే!" అని ఆయన కూడా ఐదు వేళ్లూ చూపించాడు. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఫోన్‌కు మంచి ధరే కట్టాడు. ఎమ్మిగనూరులో వాడుకునేవాళ్లకు అది భేషుగ్గా పనికొస్తుంది మరి.

పొద్దు వాలేసరికి పల్లె చేరాం. రూతు మిట్ట వైపు చూడనైనా చూడలేదు. ఇంట్లోకి వెళ్లి, వంటగది మూలలో డబ్బాకు ఫోన్ ఆనించి కాల్ చేసింది. దావీదు కనబడ్డాడు, పిండి అంటిన చేతులతో. బొమ్మ ఆగలేదు. ఆమె చేతులు ఎంత జోరుగా ఆడాయంటే నాకే సగం అర్థం కాలేదు. అతను కళ్లు తుడుచుకుంటే బుగ్గకు పిండి అంటుకుంది. రావద్దని ఆమె, రానులే అని అతను. లక్ష్మక్క గడపలో నిలబడి "ఇంట్లోనే వస్తాందే రూతమ్మా!" అని, వినపడదని తెలిసీ, వీధంతా వినేలా అరిచింది.

దూరపు పల్లెల్లో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు మీ ఇంట్లో ఏ బ్యాండ్ అందుతోందో పక్కవాళ్ల ఫోన్‌లో చూడండి. కొనబోయే ఫోన్ మోడల్ నంబరుతో దాన్ని సరిపోల్చాకే డబ్బు తీయండి.

ఆదివారం పొద్దున నన్ను బస్సెక్కించడానికి రూతు రోడ్డుదాకా వచ్చింది. కల్వర్టు గోడకు ఫోన్ ఆనించి దావీదుతో ఏదో గట్టిగా పోట్లాడుతోంది. నిన్నంతా తిరిగి కాళ్లు నొప్పులు పుడుతున్నా, కిటికీ పక్కన కూర్చున్న నాకు కడుపు నిండినట్టుంది. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను. తిరిగి ఊపడానికి మా చెల్లెలికి చెయ్యి ఖాళీ లేదు.