ఆర్డిస్ మైకు పట్టుకున్న మంగళవారం

రీలు ఎక్కించే ముందు ఆర్విల్ ఫిల్ము కొసను పెదవుల మధ్య పెట్టి చూసేవాడు. బొమ్మ ఉన్న వైపు పెదవికి కాస్త అంటుకుంటుంది. ఏ వైపు ఏదో ముందే తెలిసినా పెట్టి చూసేవాడు.

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి బడిలో ప్రొజెక్టర్ నడిపింది ఆయనే. బడివాళ్ళు పాత పాఠాల ఫిల్ములు పారేస్తుంటే ఇంటికి మోసుకొచ్చాడు. పదకొండేళ్ళుగా చలికాలపు మంగళవారాల్లో లైబ్రరీ కింది గదిలో వాటిని వేసి, బొమ్మ నడుస్తుండగా మైకులో తన చమత్కారాలు విసిరేవాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. భార్య ఆర్డిస్ మాత్రం చివరి వరసలో తల ఎత్తకుండా స్వెటర్ అల్లుకునేది. ఇంటికెళ్తూ "ఎలా ఉంది?" అని అడిగితే, "పర్లేదు" అనేది. ఆ ఊళ్ళో అంతకు మించిన మెప్పు లేదు. అయినా ఆమె విన్నదో లేదో ఆయనకు ఎప్పుడూ అనుమానమే.

ఆ ఏడు ఆర్విల్‌కి గొంతు ఆపరేషన్ అయింది. మాట పోయింది. పలక మీద రాసి చూపించాడు: "ఈ మంగళవారంతో సరి. ఫిల్ములు చెత్తబండికి."

ఆర్డిస్ చదివింది. కాఫీ పెట్టడానికి లేచింది.

మంగళవారం గది నిండిపోయింది. దంపతులు మనసు విప్పి మాట్లాడుకోవడం ఎలాగో నేర్పే ఫిల్ము అది. తెర మీద భర్త టోపీ కొక్కేనికి తగిలించి, భార్యతో "ఈరోజు నీ మనసులో ఏముందో చెప్పు" అన్నాడు. ఆర్విల్ మాట్లాడాల్సిన చోటు అది. ఎవరూ నవ్వలేదు. ఆయన తల దించుకున్నాడు.

వెనక అల్లిక సూదులు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆర్డిస్ వచ్చి మైకు అందుకుంది.

"చెప్పకమ్మా. ఒకసారి చెప్తే రోజూ అడుగుతాడు."

గది గొల్లుమంది. ధాన్యం గోదాములో పనిచేసే లైల్ అరిచాడు: "ఏం ఆర్డిస్, నీకూ నోరుందే!"

"ఉంది లైల్. ఇద్దరం వాగుతూ కూర్చుంటే కాఫీ ఎవరు పెడతారు?"

తెర మీద భార్య, "నువ్వు నా మాట వినడం లేదు" అంది.

"వింటున్నాడమ్మా. చేలో మొక్కజొన్న కూడా వింటుంది. బదులు చెప్పదంతే."

ఆ తర్వాత ఆమె ఆర్విల్ మాటలే అందుకుంది. పదకొండేళ్ళ మాటలు, ఏ బొమ్మకు ఏది పడాలో ఆ బొమ్మకే. ఎప్పుడో ఒక్కసారి అనేసి ఆయనే మరిచిపోయినవి కూడా. ఆర్విల్ ప్రొజెక్టర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాలుతున్నా చాలాసేపు తీయలేదు.

కారెక్కాక ఆర్డిస్ అంది: "వచ్చే మంగళవారం పళ్ళు తోముకునే ఫిల్ము వెయ్యి. దాని మీద నా దగ్గర నాలుగు మాటలున్నాయి."

మరునాడు ఆర్విల్ ఆమెకంటే ముందే లేచాడు. ఆమె కారు అద్దాల మీది మంచు నాలుగు వైపులా గీకాడు. ఇంజను స్టార్ట్ చేసి, లోపల వెచ్చబడేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆ రోజు ఆమెకు ఎక్కడికీ వెళ్ళే పని లేదు.